జిమ్‌ల 140 కిలోలు గుంజంగ నడుం పట్టేసింది.. వార్మప్ చేసిన గదా, మరి తప్పు ఏడ?

పానగల్_పోరడు · ఆదివారం రాత్రి 9:10
అన్నలకు అక్కలకు నమస్తే. నేను నల్గొండ, పానగల్ దిక్కు. జిమ్‌కు పోవట్టి రెండేండ్లయింది, ఒళ్ళు బరువు 78, డెడ్‌లిఫ్ట్ (నేల మీద రాడ్‌ను ఒంగి పట్టుకొని నిలవడేదాంక లేపుడు) ఇప్పటిదాంక 130 కిలోలు ఒక్కటి గుంజిన. ఇయ్యాల 140 కొడుదామని వారం నుంచి మనసుల ఒకటే లొల్లి. పొద్దుగాల 5:30కు లేచిన, చలి ఎట్లున్నదో మీకెర్కే గదా, బండి మీద ఆ గాలికే పోయి జిమ్ తీపిచ్చిన. ట్రెడ్‌మిల్ మీద అయిదు నిమిషాలు నడిచిన, తర్వాత ఒంగి కాలి ఏళ్ళు పట్టుకొని ఒక్కో కాలికి రెండు నిమిషాలు మంచిగ సాగదీసిన. ఇగ రాడ్ కాడికొచ్చి 60 పది సార్లు, 100 ఎనిమిది, 120 ఆరు. 120 ఆరు కొట్టంగనే పక్కోడు "ఏం ఫామ్‌ల ఉన్నవ్ రా ఇయ్యాల" అన్నడు, నాక్కూడ గట్లనే అనిపిచ్చింది. రెండు నిమిషాలాగి 140 పట్టిన. మోకాళ్ళ దాంక వచ్చింది, గక్కడ ఆగింది, నేను ఇడువలే, ఇంకా గుంజిన, నడుముల కుడి దిక్కు కటుక్కుమన్నది. కింద పడేసిన.

ఇప్పుడు కూసుంటే లేవస్తలేదు, లేస్తే కూసోవస్తలేదు. అమ్మ ఉప్పు కాపడం పెడుతుంది, తిట్లు అదనం. వార్మప్ చెయ్యకుంటే పట్టేస్తది అని అందరంటరు, నేను చేసిన గదా మరి? జర చెప్పుండ్రి.

గద్వాల_గండు · 9:24
తమ్మి వార్మప్ గీర్మప్ అంతా టైంపాస్. నేను పోవుడు పోవుడే ప్రీ వర్కౌట్ (జిమ్ ముందు నీళ్ళల్ల కలిపి తాగే పొడి) ఒక స్కూప్ కొట్టి, 60 రెండు సార్లు ఊపి, డైరెక్టు పెద్ద బర్వుకే పోత. ఇప్పటిదాంక ఏం కాలే. నీకు గుంజుడు రాలే అంతే, నువ్వు లేపే తీరు వీడియో పెట్టు

మిల్లు_గేటు · 9:31
గండన్న, నీ వయసెంత?

గద్వాల_గండు · 9:32
22

మిల్లు_గేటు · 9:32
అదే అనుకున్న 😄

సూర్యాపేట_ఫిజియో · 9:50
ముందుగాల ముఖ్యమైంది అడుగుత తమ్ముడు, తర్వాత మిగితాది. నొప్పి నడుముకాడనే ఉన్నదా, పిరుదు దాటి కాల్లకు గుంజుతున్నదా? మోకాలు కిందికి తిమ్మిరి గాని మంట గాని ఉన్నదా? పాదం పైకి లేపి మడిమల మీద నడవగలుగుతున్నవా? ఒంటికి పోవుడు, దొడ్డికి పోవుడు మీద ఏమన్న పట్టు తప్పినట్టుంటే, లేకపోతే కూసునే జాగల మొద్దుబారినట్టుంటే రేపటిదాంక ఆగొద్దు, ఇప్పుడే దవాఖానకు పోవాలె. అవేం లేకుండ ఒట్టి పట్టేసినట్టే ఉంటే భయపడకు, కని మంచం మీద మూడు రోజులు కదలకుండ పండుకోకు. ఇంట్లనే మెల్లమెల్లగ నడుస్తుండు. ఫోన్ల చూసి ఇది డిస్కు, ఇది కండరం అని నేను చెప్పలేను, తగ్గకుంటే దగ్గర డాక్టరుకు చూపియ్యి.

పానగల్_పోరడు · 9:58
లేదు సార్, నడుముకాడనే. కాల్లకు లేదు. మడిమల మీద నడిచిన ఇప్పుడే, అమ్మ పిచ్చిలేసిందా అన్నది.

వనపర్తి_వెయిట్స్ · 10:15
తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు సదివిన. నువ్వు వార్మప్ తక్కువ చెయ్యలే, ఎక్కువ చేసినవ్. అదే నీ తిప్పలు.

నేను పవర్‌లిఫ్టింగ్ పోటీలకు పోత, ఆరేండ్లయింది. మొదట్ల నేను గిదే పని. 100 ఎనిమిది, 120 ఆరు అంటే అది వార్మప్ కాదు నాయనా, అది ఒక రోజు వర్కౌట్. 120 నీకు చిన్న బర్వు గాదు గదా, ఆరోది ఎట్ల లేచింది నిజం చెప్పు? నడుము గుండ్రంగ అయ్యుంటది. అలిసిన నడుముకు రెండే నిమిషాలు ఇచ్చి 140 పట్టుమన్నవ్.

పెద్ద బర్వుకు ముందు పనులు రెండున్నయి. ఒకటి ఒళ్ళు వేడెక్కాలె. రెండోది ఆ కదలిక, ఆ బర్వు ఒంటికి యాదికి రావాలె. రెండో దానికి ఎక్కువ సార్లు అక్కర్లే, బర్వు పెరుగుకుంట పోతే సార్లు తగ్గుకుంట రావాలె. నీ 140కి నేనైతే గిట్ల పోత: ఒట్టి రాడ్ పట్టుకొని నిలవడి మోకాళ్ళ దాంక ఒంగి లేచుడు ఎనిమిది, తర్వాత 60 అయిదు, 80 మూడు, 100 రెండు, 115 ఒక్కటి, 127.5 ఒక్కటి, ఇగ 140. మొదటి రెండింటి నడుమ నిమిషం ఆగితే సాలు, ప్లేట్లు ఎక్కిచ్చుడుకే ఆ నిమిషం పోతది. 100 దాటినంక రెండు మూడు నిమిషాలు. ఆఖరుది లేపినంక మూడు నుంచి అయిదు నిమిషాలు గడియారం చూసి కూసోవాలె, చూడకుంటే మనం 90 సెకన్లకే లేస్తం, నాకెర్క.

60 లేపినా 140 లెక్కనే లేపు. అదే నిలవడుడు, అదే పట్టు, అదే కడుపునిండ గాలి బిగబట్టుడు. చిన్నదే గదా అని ఎట్లవడితే గట్ల గుంజితే ఒంటికి ఆ ఎట్లవడితే గట్లే అలవాటైతది.

లెక్కల_సారు_దేవరకొండ · 10:40
నాకు జిమ్ గురించి అంతంత మాత్రమే, 50 దాటినంక డాక్టరు చెప్తే మొదలువెట్టిన, కని లెక్క కనపడితే చెయ్యకుండ ఉండలేను. బాబు చేసింది: 60×10 = 600, 100×8 = 800, 120×6 = 720. మొత్తం 2120 కిలోలు, 24 సార్లు. వనపర్తి అమ్మాయి చెప్పింది: 300, 240, 200, 115, 127.5, మొత్తం 982.5 కిలోలు, 12 సార్లు. అంటే సగం కంటే తక్కువ.

ఇంకోటి. జిమ్ములల్ల ఒక ఫార్ములా ఉన్నది, ఎప్లీ ఫార్ములా అంటరు, బర్వును ఒకటి ప్లస్ సార్లు బై 30 తోని గుణించాలె. 120 ఆరు సార్లంటే 120 × 1.2 = 144. అంచనా మాత్రమే, కని బాబు ఆ పొద్దు 140 లేపే బలంతోనే జిమ్‌కు వచ్చిండు. ఆ బలం అంతా 120 కాడనే ఖర్చు పెట్టేసిండు.

పానగల్_పోరడు · 10:44
సారూ కడుపుల గుద్దినట్టు చెప్పిన్రు 😭

జడ్చర్ల_నైట్‌షిఫ్ట్ · సోమవారం ఉదయం 6:55
ఇప్పుడే డ్యూటీ దిగిన. నాదొక డౌట్. నేను పోలేపల్లి సెజ్‌ల నిలవడి చేసే పని, వారం మార్చి వారం నైట్. నైట్ అయినంక డైరెక్టుగ జిమ్‌కే పోత ఎందుకంటే ఇంటికి పోతే ఇగ పండుడే. పొద్దున పూట పెద్ద బర్వులు లేపొద్దు అంటరు గదా, డిస్కులల్ల నీళ్ళుంటయి అని ఎవరో రీల్‌ల చెప్పిండు, అది నిజమా ఊకె చెప్తరా

సూర్యాపేట_ఫిజియో · సోమవారం మధ్యాహ్నం 1:20
నిజమే. రాత్రి పండుకున్నప్పుడు ఎన్నుపూసల నడుమ డిస్కులు నీళ్ళు పీల్చుకొని ఉబ్బుతయి, అందుకే పొద్దుగాల మనం సాయంత్రం కంటే ఒక సెంటీమీటరు, ఒకటిన్నర పొడుగుంటం. ఉబ్బిన డిస్కు ఒంగినప్పుడు ఎక్కువ వత్తిడి పడతది. లేచి తిరుగుతుంటే మొదటి గంటల్నే చాన వరకు దిగిపోతది. పానగల్ తమ్ముడు 5:30కు లేచి, బండి మీద కూసొని పోయి, ఎంబడే రెండేసి నిమిషాలు ఒంగి కాలేళ్ళు పట్టుకున్నడు సూడు, అది నాకు ట్రెడ్‌మిల్ కంటే ఎక్కువ గుచ్చుకుంది.

నీ సంగతి ఉల్టా. నువ్వు రాత్రంత నిలవడే ఉన్నవ్, నీ డిస్కులకు అది పొద్దుగాల కాదు, సాయంత్రమే. నీ సమస్య నిద్ర. ఎనిమిది గంటలు నిలవడి కాళ్ళు లాగుతుండంగ, కండ్లు మూతలు పడుతుండంగ మ్యాక్స్ (ఒక్కసారే లేపగలిగే అన్నిట్ల పెద్ద బర్వు) కొట్టకు. నైట్ వారంల తక్కువ బర్వులు చేసుకో, డే షిఫ్ట్ వారంల సాయంత్రం పెద్దవి పెట్టుకో. ఎట్లాగూ ఒళ్ళు వేడి పొద్దుగాల తక్కువుంటది, సాయంత్రానికి పెరుగుతది, బలం గూడ మందికి సాయంత్రమే కొద్దిగ ఎక్కువుంటది.

ఒళ్ళు వేడెక్కుడు అంటే ఏందో గూడ చెప్త. కండరం వేడైతే తొందరగ ముడుచుకొని బలం ఇస్తది, నరాల నుంచి కబురు తొందరగ పోతది, కీళ్ళ నడుమ జిగురు పలచబడి కదలిక సాఫ్ అయితది. చలికాలం అయిదు నిమిషాల ట్రెడ్‌మిల్ నడక దేనికి సరిపోదు, ఈపు మీద సన్నగ చెమట తేలాలె. తేలినంక ఆపాలె గూడ, ఆయాసం వచ్చేదాంక ఉరుకుడు వద్దు.

గద్వాల_గండు · 1:35
మరి జండూబామ్ రాసుకుంటే వేడెక్కదా సార్, మా జిమ్‌ల ఒకాయన బెంచ్ (పండుకొని రాడ్‌ను గుండెల మీదికెళ్ళి పైకి లేపుడు) ముంగట బుజాలకు పూసుకుంటడు, జిమ్ అంతా వాసనే

సూర్యాపేట_ఫిజియో · 1:41
అది తోలు మీద మంట తమ్మి. మెంథాలు అసొంటియి అట్ల అనిపిస్తయి. లోపట కండరం ఎంతున్నదో అంతే ఉంటది.

నకిరేకల్_45 · సోమవారం రాత్రి 8:05
స్ట్రెచింగ్ గురించి అందరు ఒకటే తిట్టుడు పెట్టిన్రు కని నాకు మాత్రం అది లేకుంటే నడవదు. 45 ఏండ్లు, పగలంత షాపుల కుర్సీ మీద కూసునే పని, తుంటి పట్టేసి ఉంటది. స్ట్రెచ్ చెయ్యకుండ స్క్వాట్‌కు (రాడ్ బుజాల మీద పెట్టుకొని కూసొని లేచుడు) కూసుంటే సగం కాడనే ఆగిపోత, ముందుకు ఒరుగుత. మా నాయనది మర్రిగూడ దిక్కు, ఫ్లోరైడ్ నీళ్ళు తాగి తాగి ఆయన మెడ తిప్పాలన్నా మొత్తం మనిషి తిరగాలె, నేను చిన్నప్పుడే నకిరేకల్ వచ్చిన కాబట్టి బతికిన. గందుకే కీళ్ళు పట్టేస్తే నాకు భయం ఎక్కువ.

సూర్యాపేట_ఫిజియో · 8:30
అన్నా మీది కరెక్టే, నేను తిట్టలే. ఒక కండరాన్ని నిమిషం దాటి అట్లనే సాగదీసి పట్టుకొని, ఎంబడే పెద్ద బర్వుకు పోతే బలం కొద్దిగ తగ్గుతది. 20, 30 సెకన్లు పట్టుకొని, తర్వాత కదిలే వార్మప్ చేస్తే ఆ తేడా లేనట్టే. మీరు తుంటికి 30 సెకన్లు ఇచ్చి, తర్వాత ఒట్టి స్క్వాట్లు పది, ఒక్కో కాలు ముందుకేసి దిగుడు ఆరు, ఇగ రాడ్ కిందికి పొండ్రి. ఫ్లోరైడ్ల ఎముకలకు అంటుకొని ఉండే లిగమెంట్లే గట్టిపడి సున్నం పట్టినట్టయితయి, అది స్ట్రెచ్ చేస్తే వదిలేది కాదు, అట్లాంటిది ఏమన్న మీకు అనుమానం ఉంటే ఎక్స్‌రే తీపిచ్చుకోండ్రి, జిమ్ తర్వాత.

మిల్లు_గేటు · 9:02
ఈ ముచ్చట్ల మా బాపు సంగతి చెప్పకపోతే నాకు నిద్రవట్టదు. మిర్యాలగూడల రైస్ మిల్లుల హమాలీ, 30 ఏండ్లు. నేను జిమ్‌ల చేరినప్పుడు నవ్విండు, పైసలిచ్చి బర్వులు మోసుడేందిరా, మేం పైసలు తీసుకొని మోస్తం అని. నేను గూడ గండన్న లెక్కనే అనుకునేటోణ్ణి, హమాలీలు ఏం వార్మప్ చేస్తరు, లారీ వచ్చిందంటే ఎక్కుడే గదా అని.

ఒకసారి పొద్దుగాల టిఫిన్ ఇయ్యపోయి గంట సేపు కూసున్న ఆడ. అప్పుడు చూసిన. వచ్చుడు వచ్చుడే ఎవ్వడు బస్తా ముట్టలే. చీపురు వట్టి తావు ఊడ్చిన్రు, పట్టాలు దులిపి పరిచిన్రు, లారీ తాళ్ళు ఇప్పిన్రు, ఇద్దరు పైకెక్కి బస్తాలు అంచుకు జరిపిన్రు. తువ్వాల మడిచి మెడమీద ఏసుకున్నంక గూడ మొదటి పది బస్తాలు మెల్లగనే మోసిన్రు, ఒక పిల్లగాడు ఉరుకవోతే మా బాపు "అరేయ్ ఇంకా బండి స్టార్టే కాలే" అన్నడు. అర్ధగంటకు సూస్తే అందరు ఉరుకుతున్నరు. దాన్ని వాళ్ళు వార్మప్ అనరు అంతే.

ఇంకో ముచ్చట, 50 కిలోల బియ్యం బస్తా మా బాపుకు మ్యాక్స్ కాదు. రోజుకు వందల సార్లు లేపేది మ్యాక్స్ ఎట్లయితది. గందుకే హమాలీలను చూపెట్టి నేను డైరెక్టు 140 లేపుత అంటే లెక్క కుదరదు. ఇగ ఇప్పుడు బాపుకు 56, పొద్దుగాల మంచం మీదికెళ్ళి లేవాలంటే గోడ పట్టుకుంటడు. అదొకటి.

పాత_తాలీం · 9:40
మిల్లు గేటు బిడ్డా, మంచిగ రాసినవ్. నాది పాలమూరు, 68 ఏండ్లు. ఎన్కట మా గల్లీల తాలీం (కుస్తీ నేర్పే జాగ) ఉండె. పోంగనే ఉస్తాదు మనిషికో పార ఇచ్చేటోడు. ఎర్రమట్టిని మొత్తం తవ్వి, పెళ్ళలు పగలగొట్టి, చదును చెయ్యాలె, అప్పుడే లంగోటా కట్టేది. మేమేమనుకునేటోళ్ళం అంటే ముసలోడు మాతోని పని చేపిచ్చుకుంటుండు, కూలి పైసలు మిగులుతున్నయి ఆయనకు అని. ఇరవై నిమిషాలు మట్టి తవ్వితే నడుము, తొడలు, బుజాలు, చేతి పట్టు అన్నీ లేచి కూసునేటియి, మట్టి మెత్తగైతే కింద పడ్డా దెబ్బ తగలకపోతుండె. తర్వాత దండీలు, బైఠకులు, ముద్గర్ (బరువైన గద) తిప్పుడు. కుస్తీ ఆఖర్న. గది ఇప్పుడు మీరు ఇంగ్లీషు పేర్లు పెట్టి చెప్తున్నరు.

2000ల సిడ్నీ ఒలింపిక్స్‌ల మన శ్రీకాకుళం బిడ్డ కరణం మల్లీశ్వరి 69 కిలోల కేటగిరీల కాంస్యం తెచ్చింది, ఒలింపిక్స్‌ల మెడల్ కొట్టిన మొదటి భారత మహిళ. స్నాచ్ (నేల మీదికెళ్ళి ఒక్క ఊపుల తల మీదికి) 110, క్లీన్ అండ్ జర్క్ (ముందు బుజాల దాంక, తర్వాత తల మీదికి) 130, మొత్తం 240. ఆఖరు ఛాన్సుకు 137.5 పెట్టింది, అది పడలే. ఏడున్నర కిలోలు ఒక్కసారే. ఆమెకు మెడల్ రంగు మార్చుకునే ఛాన్సు కాబట్టి పెట్టింది. ఈ పోరడు 120 మీదికెళ్ళి 140కు, ఇరవై కిలోలు దుంకిండు. ఏం మెడల్ ఉన్నది నాయనా ఆడ?

పానగల్_పోరడు · 9:47
పెద్దనాయనా ఇన్‌స్టా స్టోరీ 🙈

వనపర్తి_వెయిట్స్ · 10:20
కాకా 😂

ఆ ముచ్చట వచ్చింది కాబట్టి పోటీల వార్మప్ గురించి చెప్త, ఎందుకంటే టైం సంగతి ఎవ్వరు పట్టించుకోరు. వెయిట్‌లిఫ్టింగ్‌ల స్నాచ్ అయినంక క్లీన్ అండ్ జర్క్‌కు పది నిమిషాలే గ్యాప్ ఇస్తరు, బర్వు పెరుగుకుంటనే పోతది గని తగ్గదు. లోపట రూమ్‌ల కోచ్ పేపర్ పట్టుకొని, స్టేజీ మీద నా కంటే ముందు ఇంకా ఎన్ని ఛాన్సులున్నయో లెక్కేసి, మూడు ఛాన్సులకొకటి చొప్పున వార్మప్ లేపిస్తడు. ఎవరన్నా ఆఖరు నిమిషంల బర్వు మార్చుకున్నరంటే లెక్క మొత్తం తారుమారు. పవర్‌లిఫ్టింగ్‌ల ముందు స్క్వాట్, తర్వాత బెంచ్, డెడ్‌లిఫ్ట్ ఆఖర్న. ఒక్కో దానికి మూడు ఛాన్సులు, మూడూ పోతే ఇంటికే.

నా రెండో పోటీల ఏమైందంటే, నేను స్క్వాట్ వార్మప్ అంతా మంచిగ చేసుకొని, ఆఖరుది గూడ లేపి, బెల్ట్ బిగిచ్చుకొని రెడీగ కూసున్న. గ్రూపులు మార్చిన్రు. నా పేరు 35 నిమిషాలు ఎనుకకు పోయింది. ఏసీ హాలు. నేను పిచ్చిదాని లెక్క గట్లనే కూసున్న, మల్ల లేచి ఏం చెయ్యలే, ఎందుకంటే వార్మప్ అయిపోయింది గదా అనుకున్న! పోయి మొదటి ఛాన్సు, ఇంట్ల మూడు సార్లు లేపే బర్వు, కింద కూసున్నంక లేవలే. కాళ్ళు నాయి కానట్టు అయినయి. అప్పటి నుంచి పది నిమిషాలు దాటిందంటే మల్ల ఒక చిన్నది లేపుత. జిమ్‌ల గూడ గంతే, ఆఖరు వార్మప్ అయినంక ఫోన్‌ల ముచ్చటవెట్టి ఇరవై నిమిషాలకు పోతే అది లేనట్టే లెక్క.

జడ్చర్ల_నైట్‌షిఫ్ట్ · 10:31
మరి ఎండకాలం? మా జిమ్ రేకుల షెడ్డు. మే నెలల బయట 44 అంటే లోపట పొయ్యి. రాడ్ ముట్టుకుంటేనే కాలుతది. గప్పుడు గూడ వార్మప్ కావాల్నా

వనపర్తి_వెయిట్స్ · 10:36
సైకిలు గీకిలు అక్కర్లే అప్పుడు, జిమ్‌కు నడిచొస్తేనే ఆ పని అయిపోతది. కని 60, 80, 100 మెట్లు మాత్రం ఎక్కుడే ఎక్కుడు. వేడి వాతావరణం ఇస్తది, రాడ్ యాది మాత్రం రాడే ఇయ్యాలె. చేతులు చెమటకు జారుతయి, చాక్ (సుద్దపొడి) పెట్టుకో, లేకుంటే తువ్వాల. నీళ్ళు తాగు.

గద్వాల_గండు · 11:15
అక్కా ఒకటి అడుగుత సీరియస్‌గ. నేను ఊకె అన్నా గని నిజం ఏందంటే నాకు 100 బెంచ్ మూడు నెలల నుంచి పడతలేదు. 60 రెండు సార్లు ఊపి డైరెక్టు 100 పెడుత. గుండెల మీదికి వచ్చేసరికే బర్వు కొండ లెక్క అనిపిస్తది, ఎంత స్కూప్ తాగినా.

వనపర్తి_వెయిట్స్ · 11:22
వచ్చినవా దారికి. ఒట్టి రాడ్ పది, 50 అయిదు, 70 మూడు, 82.5 ఒక్కటి, 92.5 ఒక్కటి. నాలుగు నిమిషాలు. 100. పక్కన మనిషిని నిలవెట్టుకో, బెంచ్ మీద ఒక్కనివే ఆడొద్దు. 60 మీదికెళ్ళి 100కు దుంకితే రాడ్ చేతులల్లకు వచ్చినప్పుడే ఒళ్ళు భయపడతది, ఇంతకు ముందు ఒక 92 చూసి ఉంటే వంద అంత కొత్తగ అనిపియ్యదు. ఇగ ఆ స్కూప్‌ల ఉండేది చాన వరకు చాయ్‌ల ఉండే కెఫీనే, డబ్బా మీద సదువు ఎంతున్నదో. సాయంత్రం 8కి తాగి రాత్రి రెండింటికి నిద్ర వస్తలేదని స్టేటస్ పెట్టేది నువ్వే గదా.

గద్వాల_గండు · 11:23
అక్కా స్టేటస్ చూస్తున్నవా 🫣

లెక్కల_సారు_దేవరకొండ · మంగళవారం ఉదయం 7:10
ఒక చిన్న అనుమానం. అందరు రాడ్‌ను 20 కిలోలు అని పట్టుకొని లెక్క చేస్తున్నరు. పోటీ రాడ్ 20 ఉంటది సరే, మన ఊర్లల్ల లోకల్‌గ చేపిచ్చిన రాడ్లు గూడ గంతే ఉంటయా? మా జిమ్‌ల రెండు రాడ్లున్నయి, రెండు చేతుల్ల పట్టుకుంటే ఒకటి కాదు. బాబు పానగల్, నీ రాడ్ ఎప్పుడన్న కాంటా పెట్టినవా?

పానగల్_పోరడు · 7:18
లేదు సార్.. ఇప్పుడు ఆ పురుగు లోపట పెట్టిన్రు

పానగల్_పోరడు · శుక్రవారం రాత్రి 8:50
అప్‌డేట్. నడుము 80 శాతం మంచిగైంది, నడుస్తున్న, కూసుంటున్న. డాక్టరుకు చూపిచ్చుకున్న, కండరం పట్టింది అన్నడు, రెండు మూడు వారాలు బర్వు ముట్టకు అన్నడు.

ఇగ అసలు ముచ్చట. జిమ్ ఓనర్‌ను బతిమాలి రాడ్ తీస్కపోయి, మా మామ ధాన్యం కొనే కాంటా ఉంటది గదా, దాని మీద పెట్టిన. 16 కిలోల 400 గ్రాములు!! మామ అన్నడు, తరుగు తీసిన్రా రా ఇండ్ల గూడ అని. రెండేండ్ల సంది నేను అందరికి 130 అని చెప్పుకున్నది 126.4 అన్నట్టు. ప్లేట్లు మాత్రం చూడలే, భయమైంది.

మిల్లు_గేటు · 8:58
తరుగు 😂😂😂

లెక్కల_సారు_దేవరకొండ · 9:05
మంచి పని చేసినవ్. ఇగ వార్మప్ లెక్కలన్నిట్ల 3.6 తీసెయ్యి.

పాత_తాలీం · 9:30
మా కాలంల రాయి మీద బర్వు రాసి ఉండకపోతుండె, లేస్తే లేచింది, లేకుంటే లేదు.

పానగల్_పోరడు · ఆరు వారాల తర్వాత, శనివారం రాత్రి 8:15
అక్కా, సార్లు, కాకా, ఇయ్యాల సాయంత్రం కొట్టిన. మొత్తం చెప్త.

పోయిన శనివారం గూడ పోయిన అసలు. అక్క చెప్పిన మెట్లే ఎక్కిన, మా జిమ్‌ల ఒకటింబావు ప్లేట్లు లేవు కాబట్టి 127.5 బదులు 125 పెట్టిన. 100 దాంక మంచిగనే ఉండె, 115 కొద్దిగ బరువనిపిచ్చింది, 125 నేల మీదికెళ్ళి లేవనికే టైం తీసుకుంది, పైన గూడ ఒణికింది. ముందు రోజు రాత్రి పెండ్లికి పోయి ఒంటి గంటకు పండుకున్న. ఆడికి ఆపేసి ప్లేట్లు తీసి పెట్టిన. పక్కోడు "140 కొట్టవా" అన్నడు, స్టోరీ కోసం ఫోన్ గూడ పట్టుకున్నడు వాడు. కొట్ట అన్న. ఇంటికొచ్చి ఆ రాత్రంత పిరికోన్ని అయిన్నా అనుకున్న, నిజం చెప్తున్న.

ఇయ్యాల ఆరున్నరకు పోయిన. సైకిలు ఆరు నిమిషాలు, ఈపు మీద చెమట వచ్చేదాంక. ఒంగి పట్టుకునుడు లేదు. ఒట్టి స్క్వాట్లు, తుంటి తిప్పుడు, ఒట్టి రాడ్ ఎనిమిది. 60, 80, 100, 115. ఒక జత ఒకటింబావు ప్లేట్లు నేనే కొనుక్కొచ్చిన, 127.5 పెట్టిన. అది ఎట్ల లేచిందంటే నేనే ఎనకకు పడ్డంత పని అయింది. నాలుగు నిమిషాలు, ఫోన్ బ్యాగుల ఏసి గడియారం మాత్రమే చూసిన, చాన పెద్ద నాలుగు నిమిషాలు అవి. ఇగ రాడ్ తక్కువున్నదని సారు అన్నరు గదా, గందుకే 140 కాకుండ 142.5 ఎక్కిచ్చిన. మోకాళ్ళ కాడ నిమ్మలమైంది, ఆగలే, లేచింది. పైన నిలవడి ఒక సెకను ఏం వినవడలే.

నడుము మంచిగనే ఉన్నది. అమ్మ ఇంకా నమ్ముతలేదు.

వనపర్తి_వెయిట్స్ · 8:22
శభాష్ తమ్ముడూ!! ఆ పోయిన శనివారందే నాకు ఇంకా ఎక్కువ నచ్చింది. వీడియో ఉంటే పెట్టు, మోకాళ్ళ కాడ ఏమైతుందో చూద్దాం.

గద్వాల_గండు · 8:25
మస్తు తమ్మి 🔥 నాది గూడ 100 పడ్డది పోయిన వారం, చెప్పుడు మర్శిన. స్కూప్ లేకుండనే

జడ్చర్ల_నైట్‌షిఫ్ట్ · 8:31
రాడ్ కాంటా పెట్టినవా గండన్న

గద్వాల_గండు · 8:31
పెట్ట

లెక్కల_సారు_దేవరకొండ · 8:40
సంతోషం బాబు. ప్లేట్లు 122.5, రాడ్ 16.4, మొత్తం 138.9. ఇంకా 1 కిలో 100 గ్రాములు బాకీ ఉన్నవ్.

పానగల్_పోరడు · 8:41
సారూ 🙏🙏 ఇయ్యాల ఒక్కరోజు వదిలెయ్యిండ్రి